చెత్తయూట శుద్ధి: త్వచపు వడపోతలో తేటయు, శేషమును

ఉపక్రమము

నగరముల వెలుపల గుట్టలుగా పేరుకొనిన చెత్తనుండి కారు నల్లని ద్రవమును గూర్చియు, దానిని శుద్ధిచేయు కర్మాగారములను గూర్చియు పత్రికలలో వార్తలు తరచుగ కనబడుచున్నవి. ఆ వార్తలను వ్రాయువారిలోను, శాస్త్రగ్రంథములను తెనిగించువారిలోను తెలుగుశాఖలలో చదివినవారు పెక్కుమంది కలరు. విషయము రసాయనశాస్త్రజ్ఞులది, ఇంజనీర్లది కావచ్చును. దానిని జనులకు అందించు మాట మనది. మాటయందు లోపమున్నచో విషయమే తప్పుగా బోధపడును.

'విషజలము యంత్రముచే మంచినీరుగా మారినది' అను రీతి వాక్యమును పరిశీలింతము. ఇందలి 'మారినది' అను క్రియ వాస్తవమునకు దూరమైనది. ఈ శుద్ధికి ముఖ్యసాధనమగు త్వచము, అనగా పలుచని పొర, దేనిని మరియొకటిగా మార్చదు; ఉన్నదానిని రెండుగా విడదీయును. ఒకటి తేటనీరు. రెండవది, మొదటి ద్రవమునందలి దోషములు దాదాపుగ అన్నియు కొద్దిపాటి నీటిలో చిక్కబడిన శేషము. తేటను మాత్రము చూపి పని ముగిసినదనుట సగము సత్యము. శేషము ఎచ్చటికి పోవుచున్నదను ప్రశ్నకు సమాధానము దొరికిన పిదపనే శుద్ధి పూర్తియైనదని చెప్పవలెను. ఈ విషయమును చెత్తయూట స్వరూపము మొదలుకొని క్రమముగ వివరింపదలచితిమి.

చెత్తయూట స్వరూపము

ఆంగ్లమున 'లీచేట్' అనబడు ఈ ద్రవమునకు 'చెత్తయూట' అను పేరును మేము గ్రహించుచున్నాము. 'ఊరు' అను క్రియకు సంబంధించిన 'ఊట' తెలుగున రెండు విధములుగ వాడుకలో నున్నది. భూమినుండి ఊరు నీరు ఊట; ఊటబావి, ఊటచెలమ అను మాటలు ఇట్టివి. ఉప్పు వేసిన మామిడిముక్కలనుండి దిగు రసమును ఊటయే. మాగాయ పెట్టు ఇండ్లలో ఈ మాట నేటికిని వినబడును. చెత్తగుట్టనుండి దిగు ద్రవమునకు ఈ రెండర్థములును చెల్లును. పైనుండి పడిన వాన గుట్టగుండ దిగుచు, కరగదగినవానినెల్ల కరగించుకొని అడుగున చేరును. చెత్తలోని కూరగాయలు, అన్నము మున్నగువాని తడియు దానితో కలియును. ఆంగ్లపదమునకు మూలమైన క్రియయు ఇట్టిదే: బూడిదపై నీరు పోసి క్షారమును దించుటను చెప్పుటకు అది వాడబడినది. మన సీమలో చవుటిమట్టిపై నీరు పోసి, దిగిన నీటినుండి ఉప్పును, సురేకారమును తీయు వృత్తి పూర్వముండెడిది. అచ్చట మనుష్యుడు కోరి చేసినదానిని ఇచ్చట వాన ఎవరును కోరకయే చేయుచున్నది.

ఊట గుణము గుట్ట వయస్సును బట్టి మారును. క్రొత్త చెత్తలోని ప్రాణవాయువు త్వరలోనే హరించిపోవును. పిదప ప్రాణవాయువు అవసరములేని సూక్ష్మజీవులు పదార్థములను కుళ్ళజేసి ఆమ్లములను పుట్టించును. ఈ దశయందు ఊట ఆమ్లగుణము కలదై లోహములను కరగించుకొనును. కొన్ని ఏండ్లకు మీథేను వాయువును పుట్టించు సూక్ష్మజీవులు ప్రబలి ఆ ఆమ్లములను హరించును. అప్పుడు ఊట కొంచెము క్షారగుణము వైపు మరలును. సూక్ష్మజీవులు సులభముగ తినజాలని హ్యూమిక పదార్థములు దానియందు మిగులును. ముదురు ఊట రంగునకు ముఖ్యకారణము లివియే. మాంసకృత్తులు విడిపోవుటచే పుట్టిన అమ్మోనియా మాత్రము తగ్గదు. గాలిలేని గుట్టలో దానిని హరించు మార్గము దాదాపు లేదు. అందుచే పాతగుట్టల ఊటలోను లీటరుకు కొన్ని వందలు మొదలు కొన్నివేల మిల్లీగ్రాముల వరకు అమ్మోనియా నత్రజని దశాబ్దములపాటు కనబడును.

లేత యూటకును ముదురు ఊటకును గల భేదమును తెలుపు కొలతలు రెండు. నీటిలోని పదార్థమును రసాయనముచే దహింపజేయుటకు కావలసిన ప్రాణవాయువు ఒకటి. సూక్ష్మజీవులు దానిని తినునప్పుడు వినియోగించు ప్రాణవాయువు రెండవది. మొదటిదానికి సి.ఓ.డి. అనియు, రెండవదానికి బి.ఓ.డి. అనియు వ్యవహారము. లేత యూటలో బి.ఓ.డి. తరచుగ సి.ఓ.డి.లో సగమునకు సమీపముగనో, అంతకు మించియో ఉండును. మిక్కిలి ముదిరిన ఊటలో పదవవంతుకంటె తక్కువగ నుండును. అనగా అందలి పదార్థములో పదింట తొమ్మిదివంతులు సూక్ష్మజీవులకు ఆహారముగ పనికిరాదు. మురుగునీటికి వాడు సూక్ష్మజీవుల తొట్లు ముదురు ఊటకు చాలకపోవుటకు కారణమిదే.

భారతప్రభుత్వము 2016లో ప్రకటించిన ఘనవ్యర్థముల నియమములు, శుద్ధియైన ఊటను చెరువులు, నదులు వంటివానిలో వదలుటకు హద్దులు విధించినవి. లీటరుకు బి.ఓ.డి. 30, సి.ఓ.డి. 250, అమ్మోనియా నత్రజని 50, కరగిన లవణములు 2100, క్లోరైడు 1000 మిల్లీగ్రాములు మించరాదని అందు చెప్పబడినది. బి.ఓ.డి.ని సూక్ష్మజీవులు తగ్గింపగలవు. తగిన ఏర్పాటు చేసినచో అమ్మోనియాను గూడ తగ్గింపగలవు. ఉప్పును మాత్రము అవి ఏమియు చేయజాలవు. త్వచముయొక్క అవసరము ఇచ్చట కలిగినది.

త్వచము చేయు పని

కలకనీటిని తేటపరచుటకు కుండలో చిల్లగింజను అరగదీయుట మన దేశమున ప్రాచీనాచారము. మట్టి అడుగునకు దిగును. తేట పైన నిలుచును. కాని ఉప్పునీటిలో ఎన్ని గింజల నరగదీసినను ఉప్పు దిగదు. నీటిలో తేలు రేణువు వేరు, కరగిన పదార్థము వేరు. గుడ్డయు, ఇసుకయు రేణువును ఆపగలవు. కరగినదానిని ఆపుటకు అవి చాలవు.

త్వచములు ఆపు వస్తువుల పరిమాణమును బట్టి వానిని నాలుగు తరగతులుగ విభజింతురు. మైక్రోఫిల్ట్రేషన్ అను తరగతి త్వచముల రంధ్రములు మైక్రానులో పదవవంతు మొదలు కొన్ని మైక్రానుల వరకు ఉండును. రేణువులును, సామాన్యముగ బాక్టీరియాలును వీనిలో చిక్కును. అల్ట్రాఫిల్ట్రేషన్ త్వచములు ఇంకను సన్ననివి; వైరసులను, పెద్ద అణువులను ఆపును. నానోఫిల్ట్రేషన్ త్వచములు ఇంచుమించు ఒక నానోమీటరు పరిమాణము గల అణువులను ఆపును. సల్ఫేటువంటి లవణాంశములను చాలవరకు నిలిపి, సామాన్య లవణమును అధికభాగము పోనిచ్చును. నాలుగవది రివర్స్ ఆస్మోసిస్. ఇది సామాన్య లవణమును గూడ ఆపును. నల్లగొండ, ప్రకాశము జిల్లాలలోని ఫ్లోరైడు గ్రామముల ప్రజలెరిగిన నీటియంత్రములు ఈ తరగతివే.

ఈ పేరులోని 'ఆస్మోసిస్'కు మన పాఠ్యగ్రంథములలో 'ద్రవాభిసరణము' అను పదము స్థిరపడినది. 1748లో ఫ్రాన్సు దేశీయుడగు నోలే ద్రాక్షసారముతో నింపిన పాత్ర మూతిని పంది మూత్రాశయపు పొరతో బిగించి నీటిలో నుంచెను. నీరు లోపలికి చొరబడి పొర పైకి ఉబ్బినది. మన వంటయింటి ఉదాహరణము దీనికంటె సులభము. మామిడిముక్కకు ఉప్పు పట్టించినచో ముక్కలోని నీరు వెలుపలికి వచ్చి ఊట దిగును. ముక్కలోని కణములకు పొరలు కలవు. లోపల పలుచని ద్రవము, వెలుపల చిక్కని ఉప్పు. నీరు పలుచనిచోటినుండి చిక్కనిచోటికి తనంతట పోవును. ఈ పోకను సరిగ్గా ఆపుటకు చిక్కని ద్రవముపై ఎంత ఒత్తిడి కావలెనో దానికి ద్రవాభిసరణ పీడనమని పేరు. ఈ పీడనమును లెక్కకట్టు సూత్రమును హాలెండు దేశీయుడగు వాంట్ హాఫ్ 1887లో ప్రకటించెను. 1901లో రసాయనశాస్త్రమునకు మొట్టమొదటి నోబెల్ బహుమానము ఆయనకే లభించినది.

ఆ పీడనమును మించిన ఒత్తిడి పెట్టినచో నీటిపోక తలక్రిందులగును: చిక్కని ద్రవమునుండి నీరు మాత్రము పలుచనివైపునకు వచ్చును. ఇదియే విలోమ ద్రవాభిసరణము. సముద్రజలపు పీడనము ఇంచుమించు 27 బార్లు, అనగా వాతావరణపీడనమునకు 27 రెట్లు కావున, ఈ పని చేయుటకు గట్టి పంపులును, ఒత్తిడికి తాళు త్వచములును కావలెను. 1950 దశకమున అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయమున రీడ్, ఆయన సహచరులు సెల్యులోజు అసిటేటు పొర లవణమును ఆపునని నిరూపించిరి. కాని దానిగుండ వచ్చు నీరు అత్యల్పము. ఆ దశకాంతమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలస్ శాఖలో సిడ్నీ లోబ్, భారతదేశమున జన్మించిన శ్రీనివాస సౌరిరాజన్ కలసి, పైన అతి పలుచని దట్టపు చర్మమును, క్రింద స్పంజివంటి ఆధారమును గల పొరను తయారుచేసిరి. లవణమును ఆపు పని ఆ చర్మముదే. అది పలుచనగుటచే నీటిరాక ఎన్నోరెట్లు పెరిగినది. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా పట్టణమున ఈ పద్ధతిచే ఉప్పునీటిని త్రాగునీరుగ నొనర్చి పంచుట ఆరంభమైనది. తరువాత 1970 దశకమున జాన్ కడోటీ రూపొందించిన పాలిఅమైడు పొరలు నేటి త్వచములకు మాతృక.

ఇందొక సూక్ష్మము గమనింపదగినది. ఈ నాలుగవ తరగతి పొరలలో జల్లెడకువలె శాశ్వతమైన రంధ్రములు లేవు. నీటి అణువులు పొర పదార్థములోనే కరగి, రెండవవైపునకు వ్యాపించునని శాస్త్రజ్ఞుల వివరణము. కావున 'వడపోత' అనునది ఇచ్చట ఉపమానప్రాయమైన మాట. అనుకూలమైన మాట గావున మేమును వాడుచున్నాము.

ఊటయు, త్వచమును

మంచినీటికి వాడు పొరను చెత్తయూటకు అట్లే వాడరాదు. మొదటి చిక్కు పొర పూడుట. ఊటలోని సున్నపుజాతి లవణములు పొరపై గట్టిపెచ్చుగ నిలుచును; హ్యూమిక పదార్థములు జిగటగ అంటుకొనును; సూక్ష్మజీవులు అచ్చటనే కాపురముండి పాకుడు పట్టించును. పొరను చుట్టగా చుట్టిన సామాన్యపు గొట్టములలో నీరు పోవు సందులు మిక్కిలి ఇరుకైనవి, త్వరగ పూడును. 1980 దశకమున జర్మనీలో ఊటకొరకై వాడుకలోనికి వచ్చిన అమరిక వేరు. అందు గుండ్రని పలకల నడుమ పొరలను పేర్చి వెడల్పైన సందు లుంచుటచే మురికిని కడుగుట సులభమైనది. మరియొక మార్గము, ముందుగ సూక్ష్మజీవుల తొట్టిలో తినదగినదానిని తినిపించి, అల్ట్రాఫిల్ట్రేషన్ పొరతో వానిని తొట్టిలోనే నిలిపి, వచ్చిన నీటిని తరువాతి పొరలకు పంపుట.

రెండవ చిక్కు అమ్మోనియా. ఇది నీటిలో రెండు రూపములుగ నుండును. ఆమ్లగుణము కల నీటిలో విద్యుదావేశముగల అమ్మోనియముగ నుండును. పొర దానిని ఆపగలదు. క్షారగుణము పెరిగినకొలది ఆవేశములేని చిన్న అణువుగ మారి, నీటితోపాటు పొరను దాటిపోవును. పి.హెచ్. విలువ 9.25 దగ్గర రెండు రూపములును సరిసమానము. అందుచే ఊటకు ముందుగ ఆమ్లము చేర్చి పి.హెచ్.ను ఆరు, ఆరున్నర ప్రాంతమునకు దించుట ఆచారము. దీనిచే సున్నపు పెచ్చును తగ్గును. కాని గంధకికామ్లము చేర్చినచో ఆ సల్ఫేటు శేషములో చేరుననుట మరువరాదు. ఒకమారు వడపోసిన తేటలో అమ్మోనియా ఇంకను అధికముగ నున్నచో దానిని రెండవమారు పొరగుండ పంపుదురు. ఈ జాగ్రత్తలన్నియు తీసికొన్న కేంద్రములలో కరగిన పదార్థములు నూటికి 98, 99 వంతులు ఆగుట సాధారణము. తేట నిజముగనే తేట; ఆ విషయమున సందేహము లేదు.

శేషము

ఇక రెండవ భాగమును చూతము. లీటరుకు 10 గ్రాముల లవణముగల ఊట 100 లీటర్లు తీసికొందము. అందలి లవణము 1000 గ్రాములు. 75 లీటర్ల తేటను తీసితిమి. తేటలోనికి పోయిన స్వల్పాంశమును విడిచినచో, మిగిలిన 25 లీటర్లలో 1000 గ్రాములును ఉండును. అనగా లీటరుకు 40 గ్రాములు. ఇది సముద్రజలముకంటె ఉప్పన. మొదట 8 బార్ల ప్రాంతముననున్న ద్రవాభిసరణ పీడనము ఇప్పుడు 32 బార్లకు చేరినది. తేటను 90 లీటర్లకు పెంచినచో శేషము 10 లీటర్లే. కాని లీటరుకు 100 గ్రాములు, పీడనము 80 బార్ల చేరువ. అంతకుమించి ఒత్తిడి పెట్టుటకు సామాన్య పరికరములు తాళజాలవు. కావున శేషమును సున్న చేయుట త్వచమునకు అలవికాని పని. శేషము తగ్గినకొలది చిక్కదనము పెరుగును. దోషముల మొత్తము మాత్రము తగ్గదు.

వంటపాత్రలకు అంటకుండుటకును, వస్త్రములు తడియకుండుటకును వాడబడిన ఫ్లోరినుగల కృత్రిమరసాయనములు నేడు చెత్తయూటలో కనుగొనబడినవి. ప్రకృతిలో ఇవి సులభముగ విడిపోవు. బిగువైన త్వచములు వీనిని చక్కగ ఆపును. ఆపినవి శేషములోనే యుండును. వీనిని నశింపజేయుటకు మరియొక ప్రక్రియ కావలసినదే.

శేషమునకు గల గతులు కొన్నియే. మరిగించి ఉప్పుముద్ద చేయవచ్చును. ఇంధనవ్యయము మిక్కిలి హెచ్చు. కాల్చవచ్చును, తడి వస్తువును కాల్చుట అంతకంటె వ్యయము. సిమెంటువంటివానితో గట్టిపరచి పూడ్చవచ్చును. అన్నిటికంటె చౌకయైనది తిరిగి చెత్తగుట్టపైననే పోయుట. జర్మనీలో 1980 దశకమునుండి కొన్నిచోట్ల దీనిని నియమపూర్వకముగ ఆచరించిరి. గుట్ట యొక జీవరసాయన పాత్రయనియు, సేంద్రియపదార్థము అందు ఇంకను విడిపోవుననియు దీనిని సమర్థించువారి వాదము. సేంద్రియపదార్థము విషయమున ఆ వాదమునకు కొంత బలము కలదు. కాని క్లోరైడు విడిపోవునది కాదు. గాలిలేనిచోట అమ్మోనియా హరించునది కాదు. అవి మరల ఊటతో దిగి త్వచమునొద్దకే వచ్చును. ఏటేట ఊట ఉప్పనై, త్వచపు పని కష్టతరము కాగలదు.

ఉత్తరజర్మనీలోని ఈలెన్‌బెర్గ్ చెత్తకేంద్రము చరిత్ర ఈ సందర్భమున స్మరింపదగినది. 1979లో నాటి తూర్పుజర్మనీ ప్రభుత్వము విదేశద్రవ్యము కొరకు దానిని నెలకొల్పగా, పశ్చిమజర్మనీ మున్నగు దేశముల వ్యర్థములు అచ్చటికి చేరెడివి. పంపినవారి దేశము శుభ్రమైనది. వ్యర్థము మాత్రము సరిహద్దు దాటి నిలిచియున్నది. తరువాత అచ్చటి ఊటను శుద్ధిచేయుటకు విలోమ ద్రవాభిసరణ కర్మాగారము అవసరమైనది. వ్యర్థమును ఒకచోటినుండి మరియొకచోటికి జరుపుటకును, నశింపజేయుటకును గల భేదము ఇందు స్పష్టము. చైనాలో 2008లో ఊటను గూర్చిన ప్రమాణములు కఠినము కాగా త్వచములు విస్తారముగ వ్యాపించినవి. వానితోడనే శేషమును ఏమిచేయవలెనను సమస్యయు పెరిగి, అచ్చటి పరిశోధకులకు ముఖ్యవిషయమైనది.

మన కర్తవ్యము

హైదరాబాదు నగరపు చెత్త రెండు దశాబ్దములకు పైగా జవహర్‌నగరమునకు చేరుచున్నది. ప్రక్కనున్న మల్కారము చెరువులో ఊట చేరి నీరు చెడుటయు, చుట్టుపట్ల గ్రామస్థుల మొరయు తెలుగు పాఠకులెరిగినవే. 2023 ఏప్రిల్ నెలలో అచ్చట ఊటశుద్ధి కర్మాగారము ప్రారంభింపబడినది. ఇట్టి కేంద్రము ఎచ్చటనున్నను, దానిని గూర్చి వ్రాయువారు నాలుగు ప్రశ్నలు వేయవలెనని మా యభిప్రాయము. దినమునకు ఎంత ఊట లోనికి పోవుచున్నది, ఎంత తేట వచ్చుచున్నది? ఆ రెంటి భేదమగు శేషము ఎచ్చటికి చేరుచున్నది? తేటను గూర్చి ప్రకటించిన కొలతలలో అమ్మోనియా, క్లోరైడు ఉన్నవా, లేక రంగు పోవుటయే ప్రమాణముగ చూపబడుచున్నదా? వర్షకాలమున ఊట పలురెట్లు పెరిగినప్పుడు దానిని నిలుపుటకు చోటు కలదా? ఈ ప్రశ్నలకు రసాయనశాస్త్ర పాండిత్యము అవసరములేదు. తీసివేతలెక్క వచ్చిన చాలును. బావినీటిపై ఆధారపడిన కుటుంబములకు మాత్రము ఇవి జీవన్మరణ ప్రశ్నలు.

పదములను గూర్చి ఒకమాట. త్వచమును దాటివచ్చిన నీటికి 'తేట' అను దేశ్యపదము చక్కగ సరిపోవును. మిగిలినదానికి ఇండ్లలోని నీటియంత్రముల మూలమున 'రిజెక్ట్ వాటర్' అను మాట వాడుకలోనికి వచ్చినది; దానిని 'తిరస్కృతజలము' అని తెనిగించువారును కలరు. తిరస్కరించితిమన్నచో మన బాధ్యత తీరినట్లు ధ్వనించును. 'మడ్డి' అందుమా, అది అడుగున దిగినది. ఇది అంతట కరగియున్నది. 'పిప్పి' సారము పోయినది. ఇందు సారమంతయు నిలిచియున్నది. నూనెకు చెప్పు 'గసి'యు మడ్డివంటిదే. కావున 'గాఢశేషము' అను పదమును మేము సూచించుచున్నాము. గాఢమనుటచే చిక్కదనమును, శేషమనుటచే ఇంకను మిగిలియున్న పనియు తెలియును.

త్వచము గొప్ప సాధనము. ముదురు ఊటలోని లవణమును, రంగును, అమ్మోనియాను ఒక్కమారుగ వేరుచేయగల మార్గములు అంతగ లేవు. దాని పనిని తగ్గింపదలచినచో తడిచెత్తను గుట్టకు చేరకుండ వేరుచేయుటయు, పాతగుట్టలను వాన చొరకుండ కప్పుటయు ముందు జరుగవలెను. పుట్టని ఊటకు శుద్ధి అక్కరలేదు. పుట్టినదానిని వడపోసినప్పుడు తేటను ఎంత శ్రద్ధతో కొలిచెదమో, గాఢశేషమును అంత శ్రద్ధతో కొలిచి, అది చేరినచోటిని పేర్కొనవలెను. ఈ రెండును లేని వర్ణనము శుద్ధిని గూర్చినది కాజాలదు.